వరికి యూరియా ఎప్పుడు, ఎట్ల, ఎంత వేయాలి: నారుమడి నుంచి చిరుపొట్ట దాకా

కాలవకి నీళ్లు వదిలారంటే చాలు, చాపాడు, మైదుకూరు, దువ్వూరు పక్క నుంచి ఒకటే ప్రశ్న, "అన్నా, ఎకరాకి ఎన్ని మూటలు యూరియా వేయాల?" అని. మూటల సంఖ్య కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, యూరియా చల్లే రోజు మడిలో నీళ్లు ఎట్లున్నాయి అని. మోకాటి కిందికి నీళ్లు నిలబెట్టుకుని నాలుగు మూటలు చల్లినోనికంటే నీళ్లు తీసేసి మూడు మూటలు చల్లినోని పైరే బాగుంటుంది, ఇది మన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలవ) కింద ఏ ఊర్లో చూసినా కనపడే సంగతే. అందుకే ఇందులో నీళ్ల గురించి కొంచెం ఎక్కువ రాశా, ఓపిగ్గా చదవండి.

1. ముందు లెక్క తేల్చుకోండి

యూరియా మూట ఇప్పుడు 45 కిలోలు, పాత 50 కిలోల లెక్క మర్చిపోండి. అందులో నత్రజని 46 శాతం, అంటే మూటకి 20.7 కిలోలు. డీఏపీ మూట 50 కిలోలు, అందులో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. చాలామంది డీఏపీలో ఉండే నత్రజనిని లెక్కలోకే తీసుకోరు, ఎకరాకి రెండు మూటల డీఏపీ వేసి దాని మీద మళ్లీ ఫుల్ యూరియా కూడా వేస్తారు.

ఎకరాకి ఎంత నత్రజని కావాలి అనేది రకాన్ని బట్టి, నేలని బట్టి, సీజన్ని బట్టి మారుతుంది కాబట్టి భూసార పరీక్ష కార్డు పట్టుకుని మీ రైతు సేవా కేంద్రంలో అడిగి ఒక నంబర్ రాయించుకోండి. లెక్క అర్థం కావడానికి 80 కిలోలు చెప్పారనుకుందాం, అప్పుడు ఇట్లా:

- దమ్ములో (నాటే ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు): డీఏపీ 1 మూట + యూరియా 40 కిలోలు (నత్రజని సుమారు 27 కిలోలు)
- పిలకల దశలో (మొదట్లో పక్క కొమ్మలు వచ్చేటప్పుడు): యూరియా 58 కిలోలు (సుమారు 27 కిలోలు)
- చిరుపొట్ట దశలో (దంటు లోపల వెన్ను మొగ్గ పుట్టేటప్పుడు): యూరియా 58 కిలోలు (సుమారు 27 కిలోలు)

మొత్తం యూరియా మూడున్నర మూటలు. మీకు చెప్పిన నంబర్ వేరే అయితే దాన్ని మూడు భాగాలు చేసి, మొదటి భాగంలోంచి డీఏపీ మూటకి 9 కిలోలు తీసేసి, మిగిలిన నత్రజనిని 0.46తో భాగిస్తే ఎన్ని కిలోల యూరియానో వచ్చేస్తుంది.

చిన్న చిన్న మళ్లు ఉన్నోళ్లకి ఇంకో లెక్క: ఎకరాకి ఒక మూట అంటే సెంటుకి 450 గ్రాములు. పన్నెండు సెంట్ల మడికి 5 కిలోల 400 గ్రాములు. ఒక బకెట్‌ని ఒకసారి తూకం వేసుకుని గీత పెట్టుకుంటే ప్రతిసారీ కాటా అక్కర్లేదు.

వరికి ముందు జీలుగో, జనుమో, పిల్లిపెసరో వేసి పూత టైంలో కలియదున్నింటే నత్రజనిలో నాలుగో వంతు దాకా తగ్గించుకోవచ్చు.

2. మూట విప్పకముందు మడి పని

నాటు వేసే ముందే ఇది అయిపోవాలి, తర్వాత ఎవరికీ తీరదు.

- మడి చదును. ఒక మూల జానెడు నీళ్లు, ఇంకో మూల తేలిపోయి ఉంటే, తేలిన చోట సత్తువ గాలికి పోతుంది, లోతు చోట నీళ్లల్లో పోతుంది.
- గెనిమల్లో (మడి గట్లల్లో) ఎండ్రకాయ బొక్కలు, ఎలక బొక్కలు బురద పెట్టి తొక్కి మూయాలి. రాత్రికి రాత్రి పక్క మడికి నీళ్లు దిగిపోతే మీ యూరియాతో వాళ్ల పైరు పచ్చబడుతుంది.
- మడి నుంచి మడికి నీళ్లు పారే చోట మడవలు గట్టిగా కట్టుకునేలా ఉండాలి. పైన మడి వాళ్లు ఎప్పుడు ఎరువు చల్లుతారో, ఎప్పుడు నీళ్లు వదుల్తారో ముందే మాట్లాడుకోండి, ఇదొక్కటీ చేసుకుంటే సగం గొడవలు ఉండవు.
- నీళ్లు బయటికి తీసేయడానికి ఒక దారి. చాలా మళ్లకి నీళ్లు రావడానికి దారి ఉంటుంది గానీ పోవడానికి ఉండదు.

3. నారుమడి

ఎకరాకి సరిపడా 5 సెంట్ల నారుమడికి విత్తనం చల్లే ముందు 1 కిలో నత్రజని, అంటే రెండుంబావు కిలోల లోపు యూరియా, దాంతో పాటే భాస్వరం, పొటాష్ ఒక్కో కిలో. మళ్లీ 12-14 రోజులకి ఇంకో కిలో నత్రజని. అంతే. నారు నల్లగా కనపడాలని ఇంకోసారి ఇంకోసారి వేస్తే సన్నగా పొడుగ్గా లాగి, పీకేటప్పుడు నడుం విరిగి, నాటినాక తేరుకోవడానికి వారం ఎక్కువ పడుతుంది.

4. దమ్ములో వేసేది

ఆఖరు దమ్ముకి ముందు మడిలో నీళ్లు పల్చగా ఉంచి, డీఏపీ, యూరియా, పొటాష్ చల్లి, వెంటనే ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తో ఒక చుట్టు తిప్పి, పలక (బురద చదును చేసే చెక్క) లాగాలి. ఎరువు బురద లోపలికి పోవాలి, ఇక్కడ ముఖ్యం అదే. బురదలో లోపల ఉన్న యూరియా అమ్మోనియంగా మారి మట్టికి పట్టుకుంటుంది, పైన తేలిన నీళ్లల్లో ఉన్నది ఎండకి ఎగిరిపోతుంది. పలక లాగినాక నాటే ముందు పైన చల్లేవాళ్లు, నాటిన మూడో రోజు చల్లేవాళ్లు ఉన్నారు. అప్పటికి మొక్కకి కొత్త వేర్లే రాలేదు, తినేదెవరు?

భాస్వరం మొత్తం ఇప్పుడే వేసేయాలి. డీఏపీ గానీ, 20-20-0-13 లాంటి కాంప్లెక్స్ గానీ పైపాటుగా తర్వాత వేయొద్దు, ఆ డబ్బు దండగ. పొటాష్ అయితే తేలిక నేలల్లో సగం ఇప్పుడు, సగం చిరుపొట్టలో.

*నీళ్లు లేటై నారు ముదిరిపోతే:* మన దగ్గర ఇది మామూలే, సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు ఎప్పుడు వస్తాయో చూసుకుంటూ నారు నలభై రోజులు దాటిపోతుంది. ముదురు నారుకి పిలకలు పెట్టే టైం తక్కువ, కాబట్టి మూడు దఫాల లెక్క పనికిరాదు. నత్రజని పావు వంతు పెంచి, దాంట్లో 70 శాతం దమ్ములోనే ఇచ్చేసి, మిగతా 30 శాతం చిరుపొట్టలో ఇవ్వాలి. కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి ఒత్తుగా నాటించండి.

*వెదజల్లిన వరి, డ్రమ్ సీడర్ వరి అయితే:* విత్తేటప్పుడు నత్రజని వద్దు, అది కలుపుకి మేత. మొలిచిన 15-20 రోజులకి మొదటి దఫా మొదలుపెట్టండి.

5. నీళ్లు: అసలు సంగతంతా ఇక్కడే

నిలబడ్డ నీళ్లల్లో యూరియా చల్లితే ఏమవుతుందంటే, అది కరిగి రెండు మూడు రోజుల్లో అమ్మోనియా అవుతుంది, మధ్యాహ్నం ఎండకి నీళ్లల్లో ఉండే పాచి వల్ల ఆ నీళ్లు ఇంకా క్షారం ఎక్కి, అమ్మోనియా వాయువై పోతుంది. మన నల్లరేగళ్లు, చౌడు నేలలు అసలే క్షారం ఉన్నవి కాబట్టి మనకి ఈ నష్టం ఎక్కువ. అట్లని పూర్తిగా ఎండగట్టి నెర్రెలు పడినాక చల్లినా ఇంకో రకం నష్టం, ఎండినప్పుడు నైట్రేట్ అయి, మళ్లీ నీళ్లు పెట్టగానే కొంత కిందికి ఇంకి, కొంత వాయువై పోతుంది. మనకి కావాల్సింది ఈ రెండిటికీ మధ్యలో ఉండే బురద పదును.

బురద పదును ఎట్ల గుర్తుపట్టాలి? మడిలోకి దిగి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూడండి. అడుగు పడిన గుంటలో నీళ్లు గబగబా ఊరి నిండిపోతే ఇంకా తడి ఎక్కువ, సాయంత్రం దాకా ఆగండి. గుంట అడుగున కొంచెం చెమ్మ మెరుస్తూ, వేళ్ల ముద్రలు చెదరకుండా అట్లే నిలబడితే అదే పదును. కాలు దిగకుండా పైన పెచ్చు కట్టినట్టుంటే దాటిపోయింది, ఒకసారి పల్చగా తడిపి తీసేసి అప్పుడు చల్లండి.

ఇక్కడినుంచి రెండు రకాల రైతులకి రెండు దారులు.

నీళ్లు మీ చేతిలో ఉంటే (బోరు, లేదా కాలవలో ఎప్పుడూ పారుతుంటే):

1. చల్లే ముందు రోజు మడవ తీసి నీళ్లు బయటికి వదలండి.
2. మరుసటి రోజు బురద పదును చూసి చల్లండి.
3. మడవలన్నీ కట్టేయండి, లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు.
4. 36 నుంచి 48 గంటలు అట్లే వదిలేయండి. యూరియా అమ్మోనియంగా మారి మట్టికి పట్టుకునే టైం ఇది.
5. తర్వాత పల్చగా, రెండు వేళ్ల మందం నీళ్లు పెట్టండి. ఇంకో మూడు నాలుగు రోజులు బయటికి పోనీయొద్దు.

నీళ్లు వంతుల మీద వస్తుంటే: అనంతపురం హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలవ) కింద కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు గానీ, మన దగ్గర కాలవ చివర గానీ వారబందీ పెడితే పై పద్ధతి కుదరదు, నీళ్లు తీసేస్తే మళ్లీ ఎప్పుడొస్తాయో తెలీదు కాబట్టి ఎవరూ తీయరు, అందులో తప్పు కూడా లేదు. వాళ్లు వంతు వచ్చే రోజుని పట్టుకోవాలి. వంతు రాబోయే ముందు మడి ఎట్లాగూ తగ్గి ఉంటుంది, బురద పదును కంటే కొంచెం ఆరినా పర్లేదు (నెర్రెలు మాత్రం పడకూడదు), అప్పుడు సాయంత్రం చల్లి, వెంటనే వచ్చే నీళ్లు పెట్టేయడమే. కొంచెం ఆరిన మట్టి నీళ్లని లోపలికి తాగుతుంది, ఆ నీళ్లతో పాటే కరిగిన యూరియా కూడా వేరు దాకా దిగుతుంది. నానిన బురద మీద మాత్రం ఇట్ల చేయొద్దు, బురద నీళ్లు తాగదు, యూరియా పైనే తేలుతుంది, అందుకే దానికి 48 గంటలు ఆగమనేది.

వాన మబ్బు చూసి "వానతో పాటు దిగుతుందిలే" అని చల్లేవాళ్లకి ఒక మాట, జల్లు పడితే మంచిదే, కానీ అక్టోబర్ తుఫాను వాన గెనిమ దాటి పారిందంటే మూట మొత్తం వంకలో కలిసినట్టే.

6. రెండో దఫా: పిలకల దశ

నాటిన 20-25 రోజులకి. తేదీ కంటే పైరుని చూడండి, మూన పట్టుకుని (నాటిన మొక్క వేరు తొక్కి తేరుకుని) కొత్త పిలకలు బయటికి తొంగి చూస్తుండాలి.

చల్లే ముందు చెక్‌లిస్ట్:

- కలుపు తీశారా? తీయకుండా చల్లితే మొదట తినేది ఊద గడ్డే.
- చిన్న గడ్డలు లేకుండా యూరియా నలిపారా? గడ్డ పడిన చోట మొక్క మాడుతుంది.
- ఆకు మీద మంచు, వాన తడి ఆరిందా? తడి ఆకుకి యూరియా అంటుకుని కొసలు కాలతాయి. పొద్దున్నే కాకుండా సాయంత్రం నాలుగు దాటినాక మంచిది.
- గాలి ఎక్కువ లేదుగా?

వేపపూత యూరియానే ఇప్పుడు వస్తుంది కాబట్టి వేపపిండి కలపడం తప్పనిసరి కాదు. అయినా ఇంట్లో వేపపిండి ఉంటే 50 కిలోల యూరియాకి 10 కిలోలు, లేకపోతే 250 కిలోల చెమ్మ మట్టి కలిపి రెండు రోజులు నీడలో కుప్ప పెట్టి చల్లొచ్చు. మట్టితో కలిపితే బరువు పెరిగి కూలి ఎక్కువవుతుంది గానీ, చిన్న మడిలో సమానంగా పడటానికి దానికంటే మంచి ఉపాయం లేదు.

7. చల్లే చెయ్యి

ఎకరా మొత్తానికి ఒక కుప్ప పెట్టుకుని చల్లుకుంటూ పోతే మొదట ఒత్తుగా పడి, చివరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు, పది రోజులకి మడిలో నల్ల చారలు, పసుపు చారలు తేలతాయి. మడికి ఎంతో మడికి అంత తూచి గెనిమ మీద పెట్టేయండి. దాంట్లో మళ్లీ సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. గెనిమ మీద నుంచి విసరడం కాదు, మడిలోకి దిగాలి. గెనిమ అంచున ఒక మూర వదిలేయండి, అక్కడ పడింది ఎట్లాగూ గడ్డికే.

8. మూడో దఫా: దంటు చీల్చి చూసి వేయాలి

ఎక్కువమంది గురి తప్పేది ఇక్కడే. తొందరగా వేస్తే పనికిరాని పిలకలు పుడతాయి, లేటుగా వేస్తే ఆకు నల్లబడి తెగుళ్లు వస్తాయి గానీ గింజ పెరగదు.

మన బీపీటీ 5204 లాంటి 150 రోజుల రకానికి, ముప్పై రోజుల నారు నాటింటే, నాటిన 55 రోజుల అటూ ఇటూ వస్తుంది ఈ దశ. నంద్యాల సోనా లాంటి కొంచెం తక్కువ కాలం రకాలకి ఇంకా ముందే. కానీ రోజులు నమ్ముకోవద్దు. మడి మధ్యలోకి పోయి నాలుగైదు చోట్ల నుంచి లావుపాటి తల్లి పిలకని వేరుతో పీకి, వేరు దగ్గర నుంచి పైకి బ్లేడుతో నిలువుగా చీల్చండి. మొదటి కణుపు మీద దంటు బోలుగా మారి, దాని కొసన తెల్లగా, నూగు ఉన్నట్టు, సూదిమొన అంత ఒక మొగ్గ కనపడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, ఎండలో పెట్టి చూస్తే తెలుస్తుంది. పది పిలకల్లో ఆరేడింటిలో ఇది కనపడితే అదే రోజు నీళ్లు తీయడం మొదలుపెట్టండి. అప్పటికే మొగ్గ అంగుళం దాటి వెన్నులా కనపడుతుంటే లేటైనట్టే, దఫా సగం చేసి వేయండి.

ఈ దఫా తర్వాత ఇంగ యూరియా లేదు. పొట్టకొచ్చినాక, ఈనినాక "ఇంకో అర మూట వేస్తే గింజ లావైతాది" అని అంగట్లో చెప్పినా వినొద్దు. బీపీటీ అసలే పడిపోయే రకం, అగ్గి తెగులుకీ ఎండాకు తెగులుకీ చిక్కే రకం.

9. ఆకు రంగు పట్టీ

వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గర, కేవీకేల్లో (కృషి విజ్ఞాన కేంద్రాల్లో) ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది, లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా గళ్లు ఉంటాయి. నాటిన 14 రోజుల నుంచి వారం పది రోజులకోసారి పది మొక్కల్లో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకుని, తెంపకుండా, మధ్య భాగం పట్టీ మీద పెట్టి పోల్చాలి. మీ వీపు నీడలోనే చూడాలి, ఎండలో రంగు మోసం చేస్తుంది. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే టైంకి చూడాలి. పదిలో ఆరు ఆకులు మూడో నంబర్ కంటే లేతగా ఉంటే (హైబ్రిడ్ అయితే నాలుగో నంబర్) ఎకరాకి అర మూట చుట్టూ వేస్తే చాలు. లేకపోతే ఆ వారం మూట విప్పే పనే లేదు. యూరియాకి లైన్లో నిలబడే రోజుల్లో ఈ పట్టీ ఒక మూటైనా మిగులుస్తుంది.

10. పసుపంతా యూరియా లోపం కాదు

పైరు పసుపైతే చాలు యూరియా చల్లేస్తారు. ముందు ఏ ఆకు పసుపైందో చూడండి:

- కింది పాత ఆకులు కొస నుంచి పసుపై, పైరంతా వెలిసినట్టుంటే నత్రజని లోపం.
- నాటిన రెండు నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు, ఈనె మొదట్లో తెల్లబడి, వంచితే ఆకు పటుక్కున విరిగితే జింకు లోపం. లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. మూడు పంటలకోసారి దమ్ములో ఎకరాకి 20 కిలోలు వేసుకుంటే ఈ బాధ ఉండదు, కానీ డీఏపీతో కలిపి వేయొద్దు, మూడు రోజులు తేడా ఉండాలి.
- కొత్త ఆకులే పసుపైతే గంధకం లోపం కావొచ్చు. కొత్త ఆకులు తెల్లగా పాలిపోతే ఇనుము, ఎక్కువగా మెట్ట నారుమళ్లల్లో కనపడుతుంది.
- నీళ్లు నిలబడి వేర్లు నల్లబడి, కుళ్లు వాసన వస్తుంటే ఏ ఎరువూ వద్దు, నీళ్లు తీసి రెండు మూడు రోజులు ఆరగట్టండి, వేరు తెల్లబడినాక చూద్దాం.

11. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

యూరియాలో పురుగు మందు గుళికలు, కలుపు మందు కలిపి చల్లడం. కూలి మిగులుతుందని అందరూ చేసేదే. కానీ గుళికలకీ, కలుపు మందుకీ పల్చగా నీళ్లు నిలబడి ఉండాలి, యూరియాకి నీళ్లు ఉండకూడదు. రెండూ కలిపితే ఏదో ఒకటి చెడిపోతుంది, చాలాసార్లు రెండూ చెడిపోతాయి. కలుపు మందు ఇసుకలో కలిపి చల్లుకోండి, గుళికలు విడిగా వేయండి.

ఎక్కువ పడిపోయింది, పైరు నల్లగా మెత్తగా ఉంది. వేసినది వెనక్కి రాదు. తర్వాతి దఫా ఆపేయండి, మడిని ఒకటి రెండు సార్లు ఆరగట్టండి, దుబ్బుల మొదట్లో సుడిదోమ కోసం రెండు రోజులకోసారి వంగి చూడండి. కాలిబాటలు (పైరు మధ్య గాలి ఆడే ఖాళీ దారులు) తీయకపోయింటే ఇప్పుడైనా తీయండి.

అగ్గి తెగులు మచ్చలు, ఎండాకు తెగులు కనపడ్డాయి, మూడో దఫా టైం కూడా వచ్చింది. ముందు తెగులు. అగ్గి తెగులుకి లీటరుకి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కొట్టి, మచ్చలు ఆగినాక తగ్గించిన దఫా వేయండి. ఎండాకు తెగులైతే నీళ్లు తీసేసి నత్రజని ఆపేయడమే, దానికి నమ్మకంగా పనిచేసే మందు కూడా లేదు.

చల్లిన రాత్రే పెద్ద వాన పడింది. వెంటనే మళ్లీ చల్లొద్దు. నీళ్లు గెనిమ దాటి పారకపోతే చాలావరకు అక్కడే ఉన్నట్టు. పారిపోయింటే వారం ఆగి రంగు పట్టీ పెట్టి చూసి, లేతగా ఉంటే సగం దఫా ఇవ్వండి.

12. పిచికారీ, నానో సీసాలు

మడిలోకి దిగడానికి లేకుండా నీళ్లు నిలిచినప్పుడు, మునిగి తేలిన పైరుకి, లీటరుకి 20 గ్రాముల యూరియా కలిపి కొట్టొచ్చు, ఎకరాకి 200 లీటర్లంటే 4 కిలోలు. పైరు తేరుకోవడానికి ఇది సాయం, భూమిలో వేసేదానికి బదులు కాదు.

నానో యూరియా గురించి శానామంది అడుగుతున్నారు. సీసా అర లీటరు, దాని మీద నత్రజని ఎంత శాతమని రాసినా అది గ్రాముల్లోనే ఉంటుంది, మూటలో ఇరవై కిలోలు ఉంటుంది. ఆకు మీద ఎంత బాగా పనిచేసినా ఈ తేడా పూడదనేది నా అభిప్రాయం. కొట్టాలనుకుంటే కొట్టండి గానీ దమ్ములో వేసేది, పిలకల దశలో వేసేది దాన్ని నమ్ముకుని ఆపొద్దు. అంగట్లో మూటతో పాటు సీసా కూడా అంటగడుతుంటే అది వేరే గొడవ.

మిగిలిన యూరియా ఉంటే మూతి గట్టిగా కట్టి, చెక్క పలకల మీద, గోడకి ఆనకుండా పెట్టండి. పొటాష్‌తో కలిపింది ఆ రోజే చల్లేయాలి, సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి పెడితే తెల్లారేసరికి నీరు కారి ముద్ద అవుతుంది.